చేయి వదిలినా నిలిచే తాడు

కొండప్రాంతాల్లో పనిచేసే రక్షక దళాల శిక్షణలో ఈల పరీక్ష అని ఒకటి ఉంది. నిట్టనిలువు రాతిగోడ మధ్యలో ఒక స్ట్రెచర్ తాళ్ళమీద వేలాడుతూ ఉంటుంది. అందులో క్షతగాత్రుడి పాత్ర ధరించిన స్వచ్ఛంద సేవకుడు పడుకొని ఉంటాడు. అతన్ని కనిపెట్టుకొని పక్కనే మరొకరు వేలాడుతుంటారు. పైన అంచు దగ్గర ప్రధాన తాడును కొద్దికొద్దిగా వదిలేవారు ఒకరు, రక్షణ తాడును పట్టుకున్నవారు ఒకరు, ఆజ్ఞలిచ్చేవారు ఇంకొకరు. హఠాత్తుగా శిక్షకుడు ఈల ఊదుతాడు. ఈల వినగానే పైనున్నవాళ్ళందరూ చేతిలో ఉన్నదాన్ని ఉన్నపళంగా వదిలెయ్యాలి. స్ట్రెచర్ ఉన్నచోటే నిలిస్తే ఆ ఏర్పాటు నెగ్గినట్టు. కిందికి జారిందా, దాన్ని ఎంత అనుభవజ్ఞులు అమర్చినా పనికిరానట్టే. చాలా దళాలు ఈ పరీక్షను మనసులోనే జరుపుకుంటాయి. పని మొదలుపెట్టే ముందు నాయకుడు అందరినీ ఆపి, ‘ఇప్పుడు ఈల వినబడితే ఏమవుతుంది?’ అని అడుగుతాడు.

ఈ చిన్న ప్రశ్న పుట్టడానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది. అంతకుముందు తరాల రక్షకులు వేసుకున్న ప్రశ్న వేరు: తాడు పట్టుకున్నవాడు గట్టివాడేనా? ఆ పాత ప్రశ్న స్థానంలోకి ఈ కొత్త ప్రశ్న ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసవిషయం. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ చరిత్ర పరాయిదిగా అనిపించదు. మంచి హస్తవాసి ఉన్న డాక్టరును వెతుక్కోవడం మన సమాజంలో పాత అలవాటు. ఆ హస్తం అలసిపోయిన రాత్రి రోగిని ఏది కాపాడుతుందన్న ప్రశ్న ఆసుపత్రులు కూడా ఆలస్యంగానే వేసుకున్నాయి.

గట్టి చేతుల కాలం

1896లో వియన్నా నగరానికి దగ్గరలోని రాక్స్ పర్వతంమీద హిమపాతంలో చిక్కుకొని ముగ్గురు పర్వతారోహకులు మరణించారు. వెతకడానికి వెళ్ళినవాళ్ళకు ఉత్సాహం ఉంది గాని, ఒక పద్ధతి లేదు. ఆ విషాదం తరవాత అదే ఏడాది వియన్నాలోని పర్వతారోహక సంఘాలు కలిసి ఒక రక్షణ సమితిని ఏర్పాటు చేసుకున్నాయి. సంఘటితమైన కొండ రక్షణకు అదే ఆరంభమని చరిత్రకారులు చెబుతారు. 1920లో మ్యూనిక్‌లో బెర్గ్‌వాఖ్ట్ పుట్టింది. ఆ మాటకు కొండకాపు అని అర్థం. మొదటి ప్రపంచయుద్ధం తరవాత కొండలమీదికి గుంపులుగా వస్తున్న జనం పూలమొక్కలను పాడుచేయకుండా, గుడిసెల్లో దొంగతనాలు జరగకుండా చూడటం దాని తొలి ఉద్దేశం. కొండమీద కాపలా ఉన్నవాళ్ళ దగ్గరికే దెబ్బతగిలినవాళ్ళు రావడంతో క్రమంగా రక్షణే దాని ప్రధాన కర్తవ్యమైంది.

ఆ రోజుల్లో తాడు అంటే జనపనార జాతి నారలతో పేనిన తాడు. తడిస్తే బరువెక్కుతుంది, చలికి బిగుసుకుపోతుంది, లోపల కుళ్ళినా పైకి తెలియదు. పైన కూర్చున్నవాడు తాడును తన నడుము చుట్టూ తిప్పుకొని రెండు చేతులతో పట్టుకుంటాడు. కిందివాడు జారితే ఆ నడుమూ ఆ చేతులే ఆధారం. పర్వతారోహకులు దీన్ని బిలే అంటారు. ముందు ఎక్కేవాడు పడకూడదన్నది ఆనాటి మొదటి సూత్రం. ఎందుకంటే, పడితే తాడు తెగవచ్చు, లేదా పట్టుకున్నవాడు కూడా వెంటపోవచ్చు.

పడితే ఏమవుతుందో కావాలని పడి చూద్దామనుకున్నవాళ్ళు 1930లలో కాలిఫోర్నియాలో కనిపిస్తారు. బర్క్‌లీలో క్రాగ్‌మాంట్ అనే చిన్న రాతిగుట్ట ఉంది. న్యాయవాది రిచర్డ్ లెనర్డ్, అతని మిత్రులు 1932 నుంచి అక్కడ సాధన చేసేవారు. ఒకరు పైనుంచి దూకడం, మరొకరు తాడుతో ఆపడం. ఒక్కసారిగా బిగించి ఆపితే దెబ్బ ఎక్కువ, తాడును కొంత జారనిచ్చి మెల్లగా ఆపితే తక్కువ అని వాళ్ళు శరీరాలతోనే నేర్చుకున్నారు. ఆ అనుభవానికి రెండో ప్రపంచయుద్ధ కాలంలో నైలాన్ తాళ్ళమీద జరిగిన పరీక్షలు తోడయ్యాయి. లెనర్డ్, ఇంజనీరు ఆర్నల్డ్ వెక్స్‌లర్ కలిసి 1946లో సియెరా క్లబ్ పత్రికలో ప్రచురించిన వ్యాసం బిలే విద్యను లెక్కల్లోకి తెచ్చింది. మాటలతో నమ్మకం కుదరదు, బరువును నిజంగా పడేసి చూడాలన్న ఆలోచన ఈ చరిత్రలో అక్కడ మొదలైంది.

సియాటిల్‌లో ముగ్గురు

అమెరికాలో స్వచ్ఛంద కొండ రక్షణకు పునాది వేసిన పట్టణాల్లో సియాటిల్ ముఖ్యమైనది. ఊరి నుంచి గంట ప్రయాణంలో కాస్కేడ్ పర్వతాలు, కాస్త దూరంలో 4,392 మీటర్ల రెయినియర్ శిఖరం. బవేరియాలో 1912లో పుట్టి బాల్యంలోనే సియాటిల్ చేరిన వుల్ఫ్ బావర్, 1935 ప్రాంతంలో మౌంటెనీర్స్ అనే స్థానిక సంఘానికి పర్వతారోహణ పాఠాలు మొదలుపెట్టాడు. ఆంగ్లంలో తగిన పుస్తకాలు లేని కాలంలో జర్మన్ భాష రావడం అతనికి కలిసొచ్చింది. అతని దగ్గర నేర్చుకున్నవారిలో లాయిడ్ ఆండర్సన్ ఒకడు. మంచి మంచుగొడ్డలి చవకగా దొరక్క ఆస్ట్రియా నుంచి తెప్పించుకున్న అతను, భార్య మేరీతో కలిసి 1938లో మిత్రుల కోసం ఒక సహకార సంఘం స్థాపించాడు. మనలో చాలామంది బూట్లు, గుడారాలు కొనుక్కునే ఆర్.ఈ.ఐ. దుకాణాలు అందులోంచి వచ్చినవే.

1936 జనవరిలో డెల్మార్ ఫాడెన్ అనే యువకుడు ఒంటరిగా రెయినియర్ ఎక్కి తిరిగి రాలేదు. అతని కోసం తుఫానులో జరిగిన గాలింపులో ప్రముఖపాత్ర వహించినవాడు ఓమ్ డైబర్. చివరకు దొరికింది మృతదేహమే. ఆ తరవాత కొన్నేళ్ళపాటు కొండమీద ప్రమాదం జరిగితే పద్ధతి ఇదే: ఎవరో డైబర్‌కు ఫోన్ చేస్తారు, అతను తన మిత్రులకు ఫోన్ చేస్తాడు. అతని భార్య టెలిఫోన్ దగ్గర కూర్చొని మనుషులను పోగుచేసేది. వచ్చినవాళ్ళందరూ మంచి ఆరోహకులే గాని, గాయపడ్డ మనిషిని అందరూ కలిసి ఎలా దించాలో ఎవరూ కలిసి సాధన చేసినవాళ్ళు కారు.

1948లో బావర్ ఐరోపా వెళ్ళి అక్కడి కొండ రక్షకుల పనిని చూసి, వాళ్ళ పద్ధతులు చూపించే చలనచిత్రాన్ని తెచ్చాడు. అదే ఏడాది బావర్, డైబర్, వైద్యుడు ఆటో ట్రాట్ కలిసి సియాటిల్‌లో కొండ రక్షణ మండలిని స్థాపించారు. మౌంటెనీర్స్, వాషింగ్టన్ ఆల్పైన్ క్లబ్, స్కీ గస్తీ దళం దానికి అండగా నిలిచాయి. ట్రాట్ 1930లలో జర్మనీ విడిచి వచ్చిన వైద్యుడు. తాడుపని తెలిసినవాళ్ళకు గాయాల గురించి తెలియదు, గాయాలు తెలిసిన వైద్యులకు తాడు తెలియదు. ఆ రెండు విద్యలు ఒకే శిక్షణలో ఉండాలని పట్టుబట్టిన తరానికి అతను ప్రతినిధి. ఆస్ట్రియా రక్షకుడు వాస్ట్ల్ మారినర్ రాసిన రక్షణ విధానాల పుస్తకాన్ని 1963లో మౌంటెనీర్స్ సంఘం ఆంగ్లంలో ప్రచురించింది. దాని అనువాదకుల్లో ట్రాట్ ఒకడు. ఈలోగా 1959లో ఆరిగన్‌లోని హుడ్ పర్వతంమీద టింబర్‌లైన్ లాడ్జిలో వివిధ ప్రాంతాల దళాలు సమావేశమై మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. సభ్యత్వం కావాలంటే దళాలు తోటి దళాల ఎదుట తమ విద్యను ప్రదర్శించి నెగ్గాలన్న నియమం ఈ సంఘపు విశేషం. వచ్చినవాళ్ళు వచ్చినట్టుగా కొండెక్కే కాలం అలా ముగిసింది.

రెండు వీరగాథలు

ఆ దశాబ్దంలోనే జరిగిన రెండు సంఘటనలు తాడు పట్టిన మనిషిని పురాణపురుషుణ్ణి చేశాయి.

1953 ఆగస్టులో కె2 శిఖరంమీద అమెరికన్ బృందం తుఫానులో చిక్కుకుంది. ఆర్ట్ గిల్కీ కాలి సిరల్లో రక్తం గడ్డకట్టింది. బృందనాయకుడు చార్ల్స్ హ్యూస్టన్ వైద్యుడు కావడంతో, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరుతుందని, ఆ ఎత్తులో బతికే అవకాశం లేదని తెలిసిపోయింది. అయినా అతన్ని వదలకుండా నిద్రసంచిలో చుట్టి తాళ్ళతో దించడం మొదలుపెట్టారు. ఆగస్టు 10న ఒకరు జారారు. తాళ్ళు ఒకదానికొకటి చిక్కుకొని ఐదుగురు కొండవాలు మీద దొర్లిపోయారు. పైన పీట్ షోనింగ్ ఒక బండరాయి వెనక గుచ్చిన మంచుగొడ్డలికి, తన నడుముకు చుట్టుకున్న తాడుతో ఆ ఐదుగురినీ గిల్కీతో సహా ఆపాడు. ఆ గొడ్డలి ఇప్పుడు కొలరాడోలోని గోల్డెన్ పట్టణంలో మ్యూజియంలో ఉంది. ఆ రోజే కాసేపటికి గిల్కీ కనిపించకుండా పోయాడు, హిమపాతం ఈడ్చుకుపోయిందని భావించారు.

1957 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని ఐగర్ ఉత్తరముఖంమీద ఇద్దరు ఇటాలియన్లు చిక్కుకున్నారు. అనేక దేశాల ఆరోహకులు పిలవకుండానే శిఖరానికి చేరుకున్నారు. మ్యూనిక్ బెర్గ్‌వాఖ్ట్‌కు చెందిన లుడ్విగ్ గ్రామింగర్ ఉక్కు తీగను, క్షతగాత్రుణ్ణి వీపున మోసే పట్టీల కుర్చీని అమర్చాడు. ఆల్‌ఫ్రెడ్ హెల్లెపార్ట్ ఆ తీగమీద మూడు వందల మీటర్లకు పైగా కిందికి దిగి, క్లాడియో కోర్తిని వీపున కట్టుకొని పైకి వచ్చాడు. రెండోవాడు స్తెఫానో లోంగీని చేరుకోలేకపోయారు. అతను తాడుమీద వేలాడుతూనే మరణించాడు.

రెండూ తలవంచి నమస్కరించవలసిన సాహసాలు. కాని శిక్షణ ఇచ్చేవాడికి ఇవి ఒక చిక్కు తెచ్చిపెట్టాయి. షోనింగ్ లాంటివాడు ప్రతి దళంలోనూ ఉండడు. ఉన్నా ప్రతి ఆదివారమూ అందుబాటులో ఉండడు. ఒకసారి జరిగిన అద్భుతాన్ని పాఠ్యప్రణాళికగా రాసుకుంటే, రెండోసారి అది జరగని రోజున ఎవరో ప్రాణం కోల్పోతారు.

తాడు మారింది, లెక్క మారింది

ఈలోగా వస్తువులు మారాయి. 1931లో వియన్నాకు చెందిన సంగీతాచార్యుడు కార్ల్ ప్రూసిక్ ఒక ముడిని ప్రచారంలోకి తెచ్చాడు. సన్నతాడుతో లావుతాడు చుట్టూ వేసే ఈ ముడి, బరువు లేనప్పుడు చేత్తో జరుపుకోవచ్చు. బరువు పడగానే బిగుసుకొని కరిచిపట్టుకుంటుంది. 1953లో జర్మనీలోని ఎడెల్‌రిడ్ సంస్థ లోపల మూలపోగులు, పైన అల్లిన తొడుగు ఉండే కొత్తరకం తాడును తయారుచేసింది. ఈనాటి రక్షణ తాళ్ళన్నీ ఆ వంశానివే. గుహల్లోకి దిగేవారు సాగుడు తక్కువగా ఉండే తాళ్ళకు అలవాటుపడ్డారు. స్ట్రెచర్‌ను దించేటప్పుడు పైకీ కిందికీ ఊగకుండా ఉండటానికి అవే రక్షణ దళాలకూ నచ్చాయి.

కొత్త తాడు ఉన్నంతమాత్రాన సరిపోదని 1980 జూన్ 27న న్యూయార్క్ నగరం తెలుసుకుంది. హార్లెంలో మంటల్లో చిక్కుకొని కిటికీ దగ్గర నిలిచిన అగ్నిమాపక సిబ్బంది గెరార్డ్ ఫ్రిస్బీని కాపాడటానికి, లారెన్స్ ఫిట్జ్‌పాట్రిక్ కప్పు మీదినుంచి తాడుతో దిగాడు. అతను ఫ్రిస్బీని అందుకున్నాక తాడు తెగి ఇద్దరూ మరణించారు. మనుషుల బరువు మోసే తాడు ఎంత బలంగా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణం ఆనాటికి అమెరికాలో లేదు. ఈ మరణాలు కదిలించడంతో 1985లో జాతీయ అగ్నిరక్షణ సంఘం 1983 అనే సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. ఒక మనిషిని సామగ్రితో సహా 300 పౌండ్లుగా, ఇద్దరిని 600 పౌండ్లుగా లెక్కగట్టి, తాడు దానికి పదిహేనింతలు మోయాలన్నారు. అంటే ఇద్దరి తాడు 9,000 పౌండ్లకు, సుమారు 4,000 కిలోలకు తట్టుకోవాలి.

ఇప్పుడు తాడు తెగదు. మరి తాడును పట్టుకున్న చేయి?

బరువు వదిలి చూసినవాళ్ళు

ఆ సంగతి తేల్చినవాళ్ళు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రక్షకులు. 1980లలో ఆర్నర్ లార్సన్, అతని సహచరులు అక్కడి సాంకేతిక రక్షణ మండలి తరఫున ఒక ప్రయోగం పెట్టుకున్నారు. రోగి, తోడున్న రక్షకుడు, స్ట్రెచర్, సామగ్రి కలిపి 200 కిలోలు. అంచు దాటేటప్పుడు ప్రధాన తాడు విఫలమైతే ఆ బరువు రక్షణ తాడుమీద పడాలి. కాబట్టి మూడు మీటర్ల తాడుకు 200 కిలోలు కట్టి ఒక మీటరు ఎత్తునుంచి వదిలారు. రక్షణ ఏర్పాటు ఆ బరువును మరో మీటరులోపు ఆపాలి, ఆపేటప్పుడు కుదుపు 15 కిలోన్యూటన్లు దాటకూడదు. అదే పరీక్ష.

ఒక మనిషి పడినప్పుడు బాగా పనిచేసే పద్ధతులు, అప్పటిదాకా దళాలు నిస్సంకోచంగా వాడుతున్నవి, ఈ పరీక్షలో ఒకదాని తరవాత ఒకటి ఓడిపోయాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. పరుగెత్తే తాడును ఆపడంలో మనిషి పిడికిలి బలం కొన్ని పదుల కిలోలే. పరికరం ఆ బలాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. ఎనభై కిలోల మనిషికి అది చాలు. 200 కిలోలు పడుతుంటే చాలదు. తాడు చేతిలోంచి కాలుతూ జారిపోతుంది. పరీక్షకు తట్టుకొని నిలిచినవాటిలో ముఖ్యమైనది ఒకదాని వెనక ఒకటిగా వేసిన రెండు ప్రూసిక్ ముడుల జంట. అది ఎవరి పిడికిలినీ నమ్ముకోదు. తాడు పరుగెత్తగానే తనంతట తానే బిగుసుకుంటుంది.

ఈల పరీక్ష ఈ నేపథ్యంలో అర్థవంతమైంది. చెయ్యి ఓడిపోతుందని కొలిచి చూశాక, చెయ్యి లేకపోయినా నిలిచే ఏర్పాటు తప్ప మరో దారి లేదు. రాయి పడి తాడు పట్టిన మనిషి స్పృహ తప్పవచ్చు, తేనెటీగలు కుట్టవచ్చు, పిడుగు పడవచ్చు. ఇవన్నీ కొండమీద ఊహకందని విషయాలు కావు. శిక్షణ అడిగేదల్లా, ఆ మనిషి బలహీనక్షణానికి రోగి మూల్యం చెల్లించకూడదని.

వదలడం నేర్చుకోవడం

కథ ఇక్కడ ముగిసి ఉంటే పరికరాలే గెలిచాయని చెప్పవచ్చు. కాని ప్రూసిక్ ముడులకు ఒక షరతు ఉంది. వాటిమీద చెయ్యి వేసి తాడును వదిలేవాడు, బరువు పడిన క్షణంలో ఆ ముడులను గట్టిగా పట్టుకోకూడదు. పట్టుకుంటే అవి బిగుసుకోవు, తాడుతోపాటు జారుతాయి. భయపడ్డ మనిషి చెయ్యి చేసే మొదటి పని మాత్రం పట్టుకోవడమే. చంటిపిల్లల అరచేతిలో వేలు పెడితే వాళ్ళు పట్టుకునే తీరులో ఆ ప్రతిచర్య పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని శిక్షణతో కొంత మార్చవచ్చు గాని పూర్తిగా తుడిచివేయలేం. నెలకొకసారి సాధన చేసే స్వచ్ఛంద సేవకుడిలో అసలే చెయ్యలేం.

అదే బ్రిటిష్ కొలంబియాలో కర్క్ మౌత్నర్ 2010లలో చేసిన పరీక్షలు ఈ అంశాన్ని ముందుకు తెచ్చాయి. పాత పద్ధతిలో ఒక తాడు బరువంతా మోస్తుంది, రెండోది వదులుగా ఆపద కోసం ఎదురుచూస్తుంది. వంద మీటర్ల కింద స్ట్రెచర్ ఉన్నప్పుడు ప్రధాన తాడు తెగితే, ఆ వదులు తాడు బిగుసుకొని సాగి ఆపేలోగా రోగి చాలాదూరం పడిపోతాడు, దారిలో రాతికి కొట్టుకుంటాడు. పైగా వదులుగా ఉన్న తాడును కాచేవాడికి అది పనిచేస్తుందో లేదో ఆపద వచ్చేదాకా తెలియదు. దీనికి బదులు రెండు తాళ్ళూ మొదటినుంచీ సమానంగా బరువు మోయాలి, రెండింటికీ చెయ్యి వదిలితే తామే బిగుసుకొనే పరికరాలు ఉండాలి అన్నది కొత్త పద్ధతి. ఒకటి పోతే రెండోది అప్పటికే బరువులో ఉంటుంది కాబట్టి పడిపోయే దూరం తక్కువ. ఆ రాష్ట్రం దీన్నే తన స్వచ్ఛంద దళాలకు పద్ధతిగా స్వీకరించింది, తరవాత అమెరికాలోనూ అనేక దళాలు ఆ దారి పట్టాయి.

ఈ మార్పు దళాలకు సులభంగా మింగుడుపడలేదు. ఇరవై ఏళ్ళు ఒక పద్ధతిని ప్రాణప్రదంగా నేర్పినవాళ్ళు దాన్ని పక్కన పెట్టాలి. ఏ పరీక్ష చూపించి తమ ముందుతరాన్ని ఒప్పించారో, అలాంటి మరో పరీక్షకే వాళ్ళు కూడా తలవంచాలి.

వైద్యంలోనూ ఈ చరిత్రకు సమాంతరంగా ఒక దిద్దుబాటు జరిగింది. నడుముకు, తొడలకు పట్టీలతో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి కొద్దిసేపట్లో స్పృహ తప్పవచ్చు, ప్రాణమూ పోవచ్చు. 1972లో ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన కొండ రక్షణ వైద్యుల సమావేశంలో ఇలాంటి మరణాలు చర్చకు వచ్చాయి. కొందరు కిందికి దించాక మరణించడంతో, పడుకోబెడితే కాళ్ళలోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరి ప్రమాదమని, కాబట్టి అరగంటపాటు కూర్చోబెట్టాలని ఒక నమ్మకం స్థిరపడింది. దశాబ్దాలపాటు శిక్షణ తరగతుల్లో అదే నేర్పారు. 2009లో బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ జరిపించిన సమీక్షలో ఆ నియమానికి ఆధారం కనిపించలేదు. మెదడుకు రక్తం అందని మనిషిని నిటారుగా ఉంచడమే కీడు. అంతర్జాతీయ కొండ రక్షణ వైద్యుల సంఘం 2023లో వెలువరించిన సిఫారసులు కూడా మామూలు ప్రథమచికిత్స పద్ధతిలో వెల్లకిలా పడుకోబెట్టమనే చెబుతాయి. చిత్తశుద్ధితో నేర్పినదంతా సత్యం కానక్కర్లేదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఒక సేవకుడు తయారయ్యే తీరు

ఇలాంటి దళాల్లో చేరేవారు ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, నర్సులు, వడ్రంగులు. జీతం ఉండదు, బూట్లు, శిరస్త్రాణం సాధారణంగా సొంతవే. మొదటి పాఠం ముడులు. ఎనిమిది అంకె ఆకారంలోని ముడిని వెలుతురులో వేయడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. వానలో, చీకట్లో, చేతితొడుగులు వేసుకొని, చూడకుండా వేయడం రావాలి. పక్కవాడు దాన్ని చేత్తో తడిమి సరిచూడాలి. తన ముడిని తానొక్కడే సరిచూసుకొని ముందుకు సాగడం ఎంతటి సీనియరుకైనా కుదరదు.

తరవాత లంగర్ల లెక్క. రెండు చెట్లకు కట్టిన రెండు తాళ్ళు ఒక బరువును మోస్తున్నప్పుడు వాటి మధ్య కోణం చిన్నదైతే ఒక్కొక్క తాడు దాదాపు సగం మోస్తుంది. కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కొక్కటీ పూర్తి బరువును మోయవలసివస్తుంది. రెండు చెట్లున్నాయి కదా అనే ధైర్యం అక్కడ వమ్మవుతుంది. ఆ పైన కప్పీల లెక్క. నూతి గిలక తాడు దిశను మార్చుతుందే గాని బరువును తగ్గించదు. తాడును రెండు కప్పీల గుండా తిప్పి మూడింతల లాభం తెచ్చుకుంటే 200 కిలోలను 67 కిలోల బలంతో లాగవచ్చు. కప్పీల రాపిడి వల్ల నిజానికి ఇంకొంచెం ఎక్కువే కావాలి. స్ట్రెచర్ ఒక మీటరు లేవాలంటే తాడును మూడు మీటర్లు లాగాలి.

వీటన్నిటికన్నా కష్టమైన పాఠం మాట. ఆజ్ఞలు ఒక్కరే ఇస్తారు. కాని ‘ఆపు’ అనే మాట మాత్రం ఎవరైనా అనవచ్చు. నిన్న చేరిన కుర్రవాడు అన్నా పని ఆగాలి, అన్నందుకు ఎవరూ విసుక్కోకూడదు. మంచి దళాన్ని గుర్తుపట్టడానికి ఈ ఒక్క గుర్తు చాలు. చివరగా ప్రతి ఒక్కరూ రోగిగా స్ట్రెచర్‌లో పడుకోవాలి. చేతులు కట్టేసి, ముఖంమీద ఆకాశం తప్ప ఏమీ కనిపించకుండా, అంచు దాటి వెనక్కి ఒరిగే ఆ రెండు నిమిషాల్లో, పైన తాడు పట్టినవాళ్ళ గుణగణాలకన్నా తాడు ఏర్పాటు మీదే మనసు ఎందుకు నిలుస్తుందో అర్థమవుతుంది.

మనవైపు

వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టప్రకారం గాలింపు, రక్షణ బాధ్యత షెరిఫ్‌ది. కాని కొండచరియ మీదికి నిజంగా వెళ్ళేవారు ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలకు మౌంట్ సై, స్నోక్వాల్మీ ఇప్పుడు వారాంతపు దారులు. అమెరికాలో జలపాతాల దగ్గర, కొండ అంచుల దగ్గర మన యువకుల మరణవార్తలు తెలుగు పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. సహాయక సిబ్బంది వెలికితీశారని ఆ వార్తల చివర ఒక ముక్క ఉంటుంది. ఆ సిబ్బందిలో చాలామంది మర్నాడు తమ ఉద్యోగానికి వెళ్ళవలసిన మామూలు మనుషులని ఆ ముక్క చెప్పదు. మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ దళాలు రక్షించినందుకు రుసుము తీసుకోవు. అంబులెన్సు, ఆసుపత్రి ఖర్చులు వేరే సంగతి. కాబట్టి బిల్లు భయంతో 911కు ఫోన్ చేయడం ఆలస్యం చేయడం ప్రాణాంతకమైన పొరపాటు.

తాడును నమ్ముకొని బతికే మనుషులు తెలుగునేలకు కొత్త కాదు. గీత కార్మికులు తరతరాలుగా నడుముకు మోకు, ముస్తాదు కట్టుకొని తాటిచెట్టు ఎక్కుతున్నారు. మోకు పనిచేయడానికి కాళ్ళూ చేతులూ పట్టు తప్పకూడదు. వానకు తడిసిన చెట్టుమీద పట్టు తప్పితే మోకు ఒక్కటే మనిషిని ఆపలేదు. అలా పడినవాళ్ళ వెన్నెముక గాయాలు తెలుగుప్రాంతాల ఆసుపత్రుల్లో పనిచేసిన వైద్యులకు బాగా తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా పరికరాలను పంపిణీ చేయడం, వాటిని వాడటంలో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. పర్వతారోహకుల పట్టీలు, కొక్కేలు, తాళ్ళ జాతికి చెందిన పరికరాలే అవి. పట్టు తప్పినా మనిషి చెట్టునే వేలాడాలన్నది వాటి ఉద్దేశం. బ్రిటిష్ కొలంబియా రక్షకులు 200 కిలోల బరువు వదిలి వేసుకున్న ప్రశ్నే తాటిచెట్టు మీద మళ్ళీ వినబడింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి తాడు పాఠాలు నేర్చుకున్నది భువనగిరి కోట రాతిమీదే. తాడు విద్య నేర్పగల మనుషులు, నేర్పడానికి తగిన రాయి మనవైపు ఉన్నాయని ఆ ఇద్దరు పిల్లలు చూపించారు.

పరికరం ఇచ్చి ఫోటో తీసుకోవడంతో శిక్షణ పూర్తికాదు. అలవాటైన మోకును కాదని కొత్త పట్టీని నమ్మడానికి, ఆరునెలల తరవాత కూడా దాన్ని సరిగ్గా తొడుక్కోవడానికి, అరిగిన తాడును మొహమాటపడకుండా పారెయ్యడానికి మళ్ళీమళ్ళీ సాధన కావాలి. సియాటిల్‌లో 1948లో మొదలైన పని ఇంకా వారాంతాల్లో జరుగుతూనే ఉండటానికి కారణం అదే. మనిషి నైపుణ్యం మీద గౌరవం ఉంచుకుంటూనే, ఆ నైపుణ్యం తప్పిపోయే క్షణానికి ముందుగా ఏర్పాటు చేసిపెట్టడం ఈ శిక్షణ సారం. ఆ ఏర్పాటు ఉన్నచోట సాధారణమైన మనుషులు కూడా ఒకరి ప్రాణాన్ని నిలపగలరు.